అవ్వ వారం

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మనవళ్ళు, మనవరాళ్ళే కాదు, ఊళ్ళో సగం మంది ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆమె ఉండేది తమిళనాడులోని డెంకణికోట తాలూకాలో ఒక చిన్న పల్లె. ఆమె పుట్టినప్పుడు ఈ ప్రాంతం సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినిపిస్తాయి. సంతలో అవ్వ మూడు భాషల్లోనూ బేరమాడుతుంది. పెరట్లో మాత్రం తెలుగే.

ఆ పెరట్లో ఒక నాటు ఆవు, దాని పెయ్యదూడ, రెండు మేకలు, పది పన్నెండు కోళ్ళు ఉన్నాయి. వీటికి తోడు కరియ అనే నల్లకుక్క, పేరులేని ఒక పిల్లి. పిల్లికి పేరెందుకు పెట్టలేదని అడిగితే, "పిలిస్తే వచ్చేదానికి గదా పేరు!" అంటుంది అవ్వ.

మనకు వారమంటే ఆరు రోజులు పని, ఒకరోజు సెలవు. ఆవుకు ఆదివారం తెలియదు కనుక అవ్వకూ సెలవు లేదు. కోడి కూసే వేళకు లేచి కొట్టం ఊడుస్తుంది. పేడ ఎత్తి దిబ్బలో వేస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, కూరగాయల తొక్కలు కలిపి కుడితి పెడుతుంది. ఆవు పాలిచ్చే రోజుల్లో పాలు పితికి, ఇంటికి ఉంచుకోగా మిగిలినవి పాల కేంద్రానికి పంపుతుంది. తమ్ముడు హోసూరులో ఫ్యాక్టరీ పనికి, మరదలు అంగన్‌వాడీకి వెళ్ళిపోతారు. ఇక పగలంతా అవ్వా, ఆ జీవాలూ. బుధవారం సంత కాబట్టి ఆరోజు పనులు కాస్త ముందే తెములుతాయి. శుక్రవారం ఆవుకు స్నానం, నుదుట పసుపు కుంకుమ.

రాగి కోతల రోజుల్లో రాత్రులు కూడా మెలకువగా ఉండాలి. అప్పుడు బన్నేరుగట్ట అడవుల వైపు నుంచి ఏనుగుల మందలు మా ప్రాంతానికి వస్తాయి. రాగి పైరంటే వాటికి ప్రాణం. నక్కను చూస్తే కరియ ఒకలా మొరుగుతుందట, ఏనుగు వాసన తగిలితే మరొకలా. నేను ఎన్నిసార్లు చెవి ఒగ్గి విన్నా ఆ తేడా పట్టుకోలేకపోయాను. అవ్వ నిద్రలోనే పట్టుకుంటుంది.

మా ఆవుది హళ్ళికారు జాతి. ఈ జాతి ఎద్దులకు దుక్కిలోనూ, బండి లాగడంలోనూ మంచి పేరుంది. పాలకు మాత్రం అంత పేరు లేదు. పూటకు రెండు లీటర్లు వస్తే గొప్ప. తమ్ముడు లెక్కలు వేసి, "అమ్మా, పాల డబ్బు తవుడుకే చాలడం లేదు. నీకా నడుము నొప్పి. ఆవును అమ్మేద్దాం" అంటాడు. అవ్వ కాదనదు. "అమ్ముదువులేరా, దూడ పాలు మాననీ" అంటుంది. దూడ పాలు మానేసరికి ఆవు మళ్ళీ చూడితో ఉంటుంది. చూడి ఆవును అమ్మకూడదంటుంది. తొమ్మిది నెలల పైచిలుకు అలా గడిచి, మళ్ళీ దూడ పుడుతుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస.

పోయిన వేసవిలో అవ్వ కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. వంగకూడదు, దుమ్ములోకి పోకూడదు అన్నారు. ఈసారి ఆవు పని అయిపోయిందనే అనుకున్నాం. మరదలు పాలు పితకబోతే ఆవు చెంబు తన్నేసింది. ఆవు దగ్గర కూర్చోగానే పాలు రావు. ముందు దూడను విడవాలి. అది నాలుగు గుక్కలు తాగితే తల్లి పాలు వదులుతుంది. దీన్నే చేపడం అంటారు. బెదిరిన ఆవు చేపదు.

అప్పుడు సెలవులకు మా చెల్లెలి కూతురు బెంగళూరు నుంచి వచ్చి ఉంది. పదకొండేళ్ళ పిల్ల. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. తెలుగులో అడిగితే అర్థం చేసుకుంటుంది గాని జవాబు తెలుగులో రాదు. నేను పితుకుతానని కూర్చుని, "కమాన్, కమాన్" అంది. అరుగు మీద నల్లకళ్ళద్దాలతో కూర్చున్న అవ్వ, "అట్లంటే దానికి తెలీదు తల్లీ. నిలువమ్మా, నిలువు అను. మెల్లగా అను" అంది. పిల్ల అలాగే అంది. ఆవుకు తెలుగు వచ్చునని నేననను. అది గుర్తుపట్టింది ఆ లయను. కాని ఆ లయ రావడానికి పిల్లకు ఆ మాటలే కావలసి వచ్చాయి. అయిదో రోజుకు అర చెంబు పాలు పితికింది. పలుపు, కుడితి, పెయ్య, కోడె, చేపు, జున్ను అన్నీ దాని నోటికి వచ్చాయి. వీటిలో కొన్ని మన పుస్తకాల్లో కూడా కనబడవు.

ఆ వారమే తమ్ముడు మళ్ళీ అమ్మకం మాట ఎత్తాడు. పిల్ల చెంబు దించకుండానే, "దూడ పాలు మాననీ మామా!" అంది. అవ్వ కళ్ళద్దాలు సర్దుకుంది గాని నోరు విప్పలేదు.

ఇప్పుడు దూడ పాలు మానింది. ఆవు చూడితో ఉంది. ఈ వారం అవ్వ ధ్యాసంతా పొదుగుకు కూర్చున్న కోడిమీదనే. పదమూడు గుడ్లు పెట్టింది. ఏడోనాటి రాత్రి టార్చిలైటు వెలుగులో ఒక్కొక్కటే చూసి, లోపల ఎర్రని నరాలు కనబడని రెండింటిని తీసేసింది. గోడమీద రోజుకొక బొగ్గు గీత గీస్తోంది. ఇరవై ఒకటో గీత గురువారం పడుతుంది. ఆరోజు పిల్లల అరుపు ఫోనులో వినిపిస్తానని బెంగళూరుకు మాట ఇచ్చింది.