పసిమేనికి పరిచర్య

శిశువు పుట్టిన యింట సలహాలకు కొదువ యుండదు. బొడ్డూడకమునుపే చూడవచ్చినవారెల్లరు నొక్కొక్క మందు చెప్పి పోవుదురు. ఒకరు నలుగు పెట్టుమందురు. ఒకరు పసుపు పూయుమందురు. వేఱొకరు సాంబ్రాణి పొగ మానవలదందురు. ఇప్పటి కాలమున వీరికి తోడు అంగడివారును చేరినారు. “సహజము”, “మూలికలతో చేసినది” అని పైన అచ్చువేసి, ఆకుబొమ్మ యొకటి చిత్రించి, సీసాలు మన ముందుంచుచున్నారు. పూర్వాచారమునందు గౌరవము గల గృహిణులు ఆ మాట చూడగనే నమ్ముట కలదు. కావున ముందుగా ఆ మాటను గూర్చియే కొంచెము విన్నవింపదలచితిమి.

సహజమైనదెల్ల సౌమ్యము కాదు. జీడిపిక్క పైతొక్కలోని రసము సహజమే. అది తగిలినచోట చర్మము పొక్కి పుండగును. దూలగొండి నూగు సహజమే. అది అంటుకొన్నవాని పాటు పగవానికిని వలదు. కావున వస్తువు చెట్టున పుట్టినదా, యంత్రమున పుట్టినదా యని గాక, ఈ బిడ్డ మేనికి పడునా, పడదా యని విచారించుటయే తల్లి చేయదగిన పని.

పసిమేను ఎట్టిదో కొంచెము తెలిసికొందము. పెద్దవారి చర్మముకంటె శిశువు చర్మపు పైపొర పలుచన. లోపలి తేమ బయటికి పోకుండను, బయటి మలినము లోనికి రాకుండను కాపాడు ప్రాకారము ఆ పొరయే. అది పలుచనగుటచే తేమ త్వరగా ఆరిపోవును. పూసిన పదార్థము సులభముగా లోనికి ఇంకును. మఱియు బరువుతో పోల్చి చూచినచో బిడ్డ మేని విస్తారము పెద్దవారికంటె ఎక్కువ. అందుచేత మనకు చిటికెడని తోచునది వానికి చిటికెడు కాదు. ఆరోగ్యముగా నున్న చర్మము కొంచెము ఆమ్లగుణము కలిగియుండును. సామాన్యపు సబ్బు క్షారగుణము కలది. తఱచు సబ్బు రుద్దిన పసిమేను పొడిబారి గరుకెక్కుటకు ఇదియే కారణము.

పుట్టిన శిశువు మేన వెన్నవంటి తెల్లని పూత యుండుట మనమెఱిగినదే. దానిని మలినమని తలచి వెంటనే కడిగివేయుట మన యిండ్లలో వాడుక. అది మలినము కాదు, ప్రకృతి యిచ్చిన లేపనము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన సూచనలలో, మొదటి స్నానము పుట్టిన పిదప కనీసము 24 గంటలు ఆగి చేయింపవలెనని యున్నది. నెలలు నిండి ఆరోగ్యముగా పుట్టిన శిశువులకు చర్మవ్యాధులు రాకుండుటకై నిత్యము లేపనములు పూయుట అవసరము కాదనియు, మేనంతయు మృదువుగా ఒత్తుట పెరుగుదలకు మేలు చేయవచ్చుననియు ఆ సూచనలలోనే కలదు. బ్రిటనులో ఉబ్బసము, ఎగ్జిమా వంటి వ్యాధులు వంశమున గల 1,394 మంది శిశువులను తీసికొని, సగము మందికి ఏడాది పొడుగున దినదినము లేపనము పూసి చూచిరి. దానివలన ఎగ్జిమా రాక ఆగలేదని 2020లో ప్రకటించిరి. దీనినిబట్టి, నలత లేని మేనికి ఏమియు పూయకుండుటయు నొక పరిచర్యయే యని గ్రహింపవలయును.

ఇక నలత గల మేని మాట. మా చిన్నవానికి మూడవ నెల వచ్చునప్పటికి చెక్కిళ్ళును నుదురును ఎఱ్ఱబడి, మోచేతుల వెలుపలను పిక్కలపైనను పొరలు లేచుట మొదలాయెను. రాత్రులు నిదుర లేదు. తల అటునిటు త్రిప్పి చెక్కిళ్ళు పక్కకు రాచుకొనెడివాడు. ఉదయమున పక్కగుడ్డపై నెత్తుటి చుక్కలు కానవచ్చెడివి. వైద్యురాలు చూచి యిది ఎగ్జిమా యని చెప్పి, నలుగు ఆపుమనెను. మా కష్టమంతయు అక్కడనే యున్నది.

ఏలయన, ఆ నలుగుపిండి మా అత్తగారు స్వహస్తములతో కొట్టి జల్లించినది. పెసలు, శనగలు, బావంచాలు, కచ్చూరాలు, ఎండిన గులాబిరేకులు, పసుపు – అన్నియు ఎండలో పెట్టి, పిట్ట వాలకుండ కాచి కూర్చుండి చేసినది. మనుమని కాళ్ళపై పరుండబెట్టుకొని నూనె యంటి, నలుగిడి, నీళ్ళు పోయుట ఆమెకు దినమునందలి పండుగ. ఆ పిండి వలదనుట ఆమె చేతినే వలదనుటగా తోచునేమోయని మేము రెండు దినములు నోరు విప్పజాలమైతిమి. పెద్దల మనసు నొచ్చకుండవలయును. బిడ్డ మేను నొచ్చకుండవలయును. ఈ రెంటిలో నొకటి విడువవలసినదేనా?

పిండి వలని చెఱుపు మూడు విధములని వైద్యురాలు వివరించెను. మొదటిది గరుకు. మెత్తగా జల్లించినను అది పిండియే. పలుచని పొరను రుద్ది తీసివేయును. రెండవది బావంచాలు. వానిలో ఎండ సోకినప్పుడు చర్మమును కాల్చు పదార్థము కలదు. బొల్లికి వైద్యులు దానిని వాడుట ఆ గుణమునుబట్టియే. పసిబిడ్డకు దానితో పనిలేదు. మూడవది మాకు సరిక్రొత్త సంగతి. పగిలిన చర్మముగుండ ఆహారపదార్థము లోనికి పోయినచో, దేహము దానిని ఆహారముగా గాక శత్రువుగా గుర్తుంచుకొనవచ్చునట. ఇంగ్లండులో 2003లో వెలువడిన పరిశోధనలో, వేరుసెనగ నూనె కలిసిన లేపనములు మంట గల మేనికి పూయబడిన పిల్లలలో వేరుసెనగ పడకపోవుట ఎక్కువగా కానవచ్చినది. పెసరపిండి, శనగపిండి కూడ ఆహారములే కదా! పగిలిన మేనికి వానిని రుద్దుట తగదని మాకు తోచెను.

మూడవనాడు అత్తగారితో మనవి చేసికొంటిమి. ఆమె, “అమ్మాయీ! నీ పెనిమిటిని ఈ పిండితోనే పెంచితిని. వానికేమి కొఱత వచ్చినది?” అని యడిగిరి. “అత్తయ్యగారూ! వారికి ఏ కొఱతయు రాలేదు. వారి మేనికి పడినది. వీని మేనికి పడుట లేదు. పిండి యొక్కటి మాని చూతము. నూనె యంటు చేయి మీదియే, నీళ్ళు పోయు నొడి మీదియే” యని చెప్పితిమి. ఆమె మాఱు పలుకలేదు. మఱునాడు తామే డబ్బా అటకపై పెట్టి, “నీళ్ళు ఎంత వేడి యుండవలెనన్నది ఆ వైద్యురాలు?” అని యడిగిరి. ఆ పిండియు వృథ కాలేదు. భోగినాడు పెద్దవారమందఱము దానితోనే తలంట్లు పోసికొంటిమి.

అది మొదలు మా యింట జరిగిన స్నానక్రమము ఇది. నీళ్ళు మోచేతికి వెచ్చగా తగులవలెనేగాని వేడి తోపరాదు. స్నానము అయిదు మొదలు పది నిమిషములు చాలును. మైల యైన చోటులకు తప్ప సబ్బు వలదు; అదియు వాసన లేని సౌమ్యమైనది కావలెను. స్నానానంతరము పాత పంచెగుడ్డతో అద్దవలెనేగాని తుడువరాదు. మేను ఇంకను తడిగా నున్నప్పుడే లేపనము పూయవలెను. వాసన కలుపని పెట్రోలియము జెల్లీ చౌకగా దొరకును. శుద్ధమైన కొబ్బరినూనెయు మేలే. ఫిలిప్పీన్సు దేశమున ఎగ్జిమా గల 117 మంది పిల్లలకు 8 వారములు వాడి చూడగా, ఖనిజతైలముకంటె కొబ్బరినూనెయే ఎక్కువ గుణమిచ్చినదని 2014లో ప్రకటించిరి. ఆవనూనె మంట పుట్టించును. ఒలీవనూనె చర్మపు పైపొరను బలహీనపఱచును.

నూనె యంటునప్పుడు చేయి జాఱినట్లుండవలెనేగాని పిసికినట్లుండరాదు. ముక్కులోను చెవులలోను నూనె చుక్కలు వేయరాదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. పురిటి బిడ్డల రొమ్ములు ఉబ్బియుండిన వానిని పిండుట కొన్నిచోట్ల వాడుక. అది వాపునకు, చీమునకు దారి తీయును. ముట్టకుండిన ఆ యుబ్బు తానే తగ్గును.

ఈ క్రమముతోను, వైద్యురాలిచ్చిన తేలికపాటి మందుతోను, రెండు వారములలో మా వాని చెక్కిళ్ళు చల్లబడినవి; వాడును మేమును నిదురించితిమి. పూర్తిగా పోయినదని చెప్పజాలము. ఈ వ్యాధి స్వభావమే వచ్చుచు పోవుచు నుండుట. చలికాలమున నేటికిని తలయెత్తును. అయినను ఇప్పుడు మాకు భయము లేదు.

మందు మాట వచ్చినది గనుక నొక హెచ్చరిక. ఆ దినములలో పొరుగింటి యిల్లాలు దయతో నొక గొట్టపు మందు తెచ్చియిచ్చినది; ఒక్కపూటలో ఎఱుపు మాయమగునని చెప్పినది. అట్టి వానిలో తఱచు తీవ్రమైన స్టెరాయిడు కలిసియుండును. ఎఱుపు మాయమగుట నిజమే. కాని దినముల తరబడి పూసిన పసిచర్మము పలుచనై చాఱలు పడును, తామర యైనచో లోలోపల ప్రాకును. అందుచేతనే మన ప్రభుత్వము 2018లో ఇట్టి 14 స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని శాసించినది. వైద్యుడు చూచి, తగినది, తగినంత, తగినన్ని దినములు వాడుమన్నచో వెఱవనక్కఱలేదు. పొరుగువారి మాటపై మాత్రము వాడరాదు.

మేలని తలచి మనము వాడు మఱికొన్ని వస్తువులను గూర్చియు చెప్పవలయును. జలుబు చేసిన బిడ్డకు కర్పూరము నూనెలో కాచి రొమ్మున రాయుదురు. కర్పూరము చర్మముగుండ ఇంకి పసిపిల్లలకు మూర్ఛ తెప్పింపగలదు. బీరువాలో కలరా ఉండల నడుమ దాచిన గుడ్డలను ఉతుకక తొడుగరాదు. ఆ ఆవిరి కొందఱు శిశువుల నెత్తుటిని విఱిచి తీవ్రమైన కామెర్లు కలిగించును. అంగటి కాటుకలు కొన్నిటిలో సీసము కలదని తేలినది. పిల్లలకు ఇంత సీసము హానిచేయదని చెప్పదగిన పరిమితి లేదు. దిష్టికి బొట్టు పెట్టదలచిన అరికాలిలో పెట్టవచ్చును, కంటిలో వలదు. ముఖమునకు అద్దు పొడి బిడ్డ ఊపిరిలోనికి పోవును. సాంబ్రాణి పొగయు అంతే. గదిలోని గాలికి పరిమళమైనను లేత ఊపిరికి అది పొగయే.

ఇదంతయు పూర్వుల మాటకు విరుద్ధమని తలపవలదు. చరకసంహిత శారీరస్థానమున శిశువు పక్కబట్టలు మెత్తగా, తేలికగా, శుచిగా నుండవలెననియు, చెమటయు మలమూత్రములును అంటినవి విడువవలెననియు, వేఱు గుడ్డలు లేనిచో బాగుగా ఉతికి, ధూపమిడి, చక్కగా ఆరవేసి వాడవలెననియు చెప్పబడినది. ధూపము గుడ్డలకేగాని బిడ్డ ముఖమునకు కాదని గమనింపుడు. మన యెండలలో చెమటకాయలు లేచిన బిడ్డకు ఇంతకు మించిన మందు లేదు: పలుచని నూలుగుడ్డ, గాలి, చల్లని నీటి తడి. పొడి అద్దిన అది చెమటతో ముద్దయై రంధ్రములను మూయును.

బిడ్డ మేన పొక్కు లేచినదని బాలింతకు కఠిన పథ్యము పెట్టి పప్పు, కూర మాన్పించుట మఱియొక వాడుక. వైద్యుడు ఫలానా వస్తువని గుర్తించి చెప్పిననే మానవలెను. లేనిచో తల్లియు బిడ్డయు నీరసించుటయే ఫలము.

ఇంట చేయదగిన దానికిని మేర కలదు. పొక్కులనుండి చీము గాని పసుపుపచ్చని రసము గాని కాఱినను, నీటిబొబ్బలు త్వరగా వ్యాపించినను, జ్వరము వచ్చినను, బిడ్డ పాలు త్రాగక మగతగా నున్నను ఆలసింపక వైద్యుని చూపవలెను. నెల నిండని శిశువు మేన చీముపొక్కు ఒక్కటి లేచినను ఇంతే. ఇంటిలో నలుగురికి రాత్రులు దురద పుట్టినచో అది గజ్జి కావచ్చును. అందఱును ఒక్కసారిగా మందు వాడిననే అది వదలును.

సోదరీమణులారా! మన పెద్దలు పసిబిడ్డకిచ్చినది పిండి మాత్రము కాదు. ఒడి, చేతివెచ్చదనము, స్నానమువేళ పలుకరింపు. వీనిలో మానవలసినది ఏదియు లేదు. బిడ్డకు పడని వస్తువును తీసివేయునప్పుడు దానిని పట్టిన చేతిని కూడ త్రోసివేయకుండుట కోడండ్ర వంతు. చేయి నిలుపుకొని వస్తువును విడుచుట అత్తల వంతు. ఈ నాలుగు మాటలు ఏ యొక్క తల్లికైనను రాత్రి నిదుర నిచ్చినచో మా శ్రమ ఫలించినదని సంతసింతుము.