చెవి కాదు

మా ఇంట్లో అవ్వ 'చెవి' అంటుంది. అమ్మది తమిళం, ఆమె 'కాదు' అంటుంది. రెండు వారాలుగా నా ఎడమ చెవిలో ఒకటే పోటు. రాత్రిళ్లు నిద్ర లేదు. చెవుడొస్తుందేమోనని భయం. తెల్లగడ్డ కాచిన నూనె పోస్తానని అవ్వ గిన్నె పట్టుకుని వెంటపడింది, నేను పోయనివ్వలేదు.

గాంధీపురంలో చెవి డాక్టరమ్మ లైటు వేసి చూసి "కాదు నల్లా ఇరుక్కు" అన్నారు. చెవి బాగానే ఉందట! మరి నొప్పి? నోరు తెరవమన్నారు. రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. పంటి డాక్టరు దగ్గరికి పంపారు. ఎక్స్‌రేలో కింది జ్ఞానదంతం పక్క పన్ను మీదికి ఒరిగి ఉంది.

కింది పళ్లకు, దవడ కీలుకు, చెవి ముందు భాగానికి ఒకే నరం కొమ్మలు వెళ్తాయి. అందుకే నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడుకు సరిగ్గా తెలియదు. దవడ కీలు వల్ల చెవి బాధలు వస్తాయని అమెరికాలో కోస్టెన్ అనే చెవి డాక్టరు 1934లోనే రాశారు. జ్ఞానదంతం మామూలుగా 17-25 ఏళ్ల మధ్య వస్తుంది, అంటే మన క్లాసంతా ఆ వయసే. నమిలినప్పుడు చెవి పోటు ఎక్కువైతే పళ్లు కూడా చూపించుకోండి.

వాపుకు మాత్రలిచ్చారు. పన్ను పరీక్షలయ్యాక తీస్తారు. అందాకా నాకు మెత్తటి పెరుగన్నమే, అదీ కుడి వైపే నమలాలి.