ఎడంకాలి ఆట

ఆటలాడితే పిల్లలకి క్రమశిక్షణ అలవడుతుందనీ, నాయకత్వం వస్తుందనీ స్కూలు వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులు ఏటా చెబుతూనే ఉంటారు. దండ వేయించుకున్న మనిషి ఇంకేం చెబుతాడు లెండి! ఆడి ఆడి మరింత పెంకెగా తయారైన పిల్లల్ని మా గుడిమల్కాపూర్‌లోనే అరడజను మందిని చూపించగలను. కప్పు గెలిచొచ్చి, అమ్మకి గ్లాసెడు మంచినీళ్లు అందించని మహానుభావులూ ఉన్నారు. బంతిని తన్నగానే సుగుణాలు వచ్చి ఒళ్లో వాలవు. తన్నించేవాళ్లెవరో చూడాలి.

మా వీధికి ఓ పక్క ఝాంసింగ్ గుడి, ఓ పక్క పూల మార్కెట్టు. తెల్లారేసరికి బంతిపూల మూటలు ఆటోల్లోంచి దిగుతూంటాయి. ఆ సందడిలోనే మా రెండో అమ్మాయి బూట్లు భుజాన వేసుకుని ప్రాక్టీసుకి బయల్దేరుతుంది. తొమ్మిదో తరగతి. "ఏందమ్మా, ఆడపిల్లకు గీ బాలాట ఏంది?" అంటుంది చామంతులమ్మే అవ్వ. అంటూనే దాని జడలో ఓ పువ్వు గుచ్చుతుంది. మావారైతే "పదో తరగతి వస్తోంది" అని క్యాలెండరు చూపిస్తారు.

మా ఎదురింటి చాచాకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఫుట్‌బాల్ మాటెత్తితే చాలు, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి "రహీంసాబ్" అంటూ మొదలుపెడతారు. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు బడిపంతులు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణాలు గెలిచినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా, కోచ్ ఆయనే. 1963లో క్యాన్సర్‌తో పోయారు.

నాకు నచ్చింది ఆ స్వర్ణాలు కాదు. ఆయన ఇక్కడి కుర్రాళ్లకి చిత్రమైన పోటీలు పెట్టేవారట. ఒకదాంట్లో వాటం కాని కాలితోనే ఆడాలి. కుడికాలి వీరులంతా ఎడంకాలితో తడబడాల్సిందే! ఇంకోదాంట్లో బంతిని ఎవరూ తన దగ్గరే అట్టేపెట్టుకుని విన్యాసాలు చెయ్యకూడదు. పక్కవాడికి ఇచ్చెయ్యాలి. గరిటె వదలని అత్తగార్లకి కూడా ఇలాంటి పోటీ ఒకటి పెడితే బాగుండుననిపించింది.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే, సైకిలు అద్దెకి రోజుకో రూపాయి రహీంగారే ఇచ్చారట. ఆ బలరామే తరవాత 1956, 1960 ఒలింపిక్స్ జట్లు రెండింట్లోనూ ఉన్నాడు. జకార్తాలో తలకి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ని వెనక వరసలోంచి తీసి ముందు వరసలో నిలబెట్టారు రహీం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే, అందులో ఓ గోలు అతనిదే. నేను అతని తల్లినై ఉంటే రెక్క పుచ్చుకుని ఇంటికి లాక్కొచ్చేదాన్ననుకోండి, అది వేరే సంగతి.

ఈ ఏడు మా అమ్మాయిని కెప్టెన్ చేశారు. జట్టులో బాగా ఆడేది ఇది కాదు, మూడిళ్లవతల ఉండే దీని ప్రాణస్నేహితురాలు. ప్రాక్టీసు మూడుసార్లు ఎగ్గొడితే తరవాతి మ్యాచ్‌లో మొదటి సగం బయట కూర్చోవాలని పిల్లలంతా కలిసి పెట్టుకున్న నియమం. సరిగ్గా సెమీఫైనల్ ముందు ఆ పిల్ల మూడోసారి ఎగ్గొట్టింది. మేనమామ పెళ్లి బట్టలుట! "కెప్టెన్‌వి నువ్వే చెప్పు" అన్నారు కోచ్. ఇది చెప్పింది.

ఆ సాయంత్రం వాళ్లమ్మ గిన్నెతో గోంగూర పచ్చడి పట్టుకొచ్చింది. మావారికి ఆపరేషనైనప్పుడు పదిరోజులు మాకు క్యారియర్ పంపిన మనిషి! "వదినా, మీరొక్కమాట చెబితే వింటుంది కదా" అంది. నాకు గొంతులో వెలక్కాయ పడింది. పిల్లని పిలిచాను.

"అది లేకపోతే ఓడిపోతాం అత్తా, నాకు తెలుసు" అంది, తలొంచుకునే.

"మరి?"

"కిందటి నెల గోల్‌కీపర్‌ని కూర్చోబెట్టినప్పుడు అందరికంటే ముందు సరేనంది ఇదే కదత్తా."

ఆ గోల్‌కీపర్ పిల్ల తల్లి మార్కెట్లో దండలు కడుతుంది. ఆవిడ ఏ గిన్నే పట్టుకుని ఎవరింటికీ వెళ్లలేదు. నేనింక మాట్లాడలేదు. పచ్చడి వేరే గిన్నెలోకి తీసి, ఆవిడ గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని కాస్త పంచదార వేసి చేతికిచ్చాను. మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది.

మొదటి సగంలో రెండు గోళ్లు పడ్డాయి. రెండో సగంలో ఆ పిల్ల దిగి ఒకటి వేసింది. ఇంకోటి పడలేదు. రాత్రి మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. "నువ్వు చేసింది రైటే" అనబోయి మానేశాను. దానికి కావలసింది ఆ మాట కాదు, స్నేహితురాలు. అది నేనివ్వలేను.

పదకొండు రోజులు మాటల్లేవు. మొన్న ఆదివారం చాచా వీధిలో కుర్చీ వేయించుకుని ఎడంకాలి ఆట పెట్టించారు. గోల్‌కీపర్ పిల్ల ముందు వరసలో ఆడుతోంది. మావాళ్లలో ఒకరు తక్కువయ్యారు. స్నేహితురాలు వాళ్ల గేటు పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత చెప్పులు విడిచి దిగింది. మొదటి తన్నుకే బంతి గురి తప్పి అవ్వ చామంతుల బుట్టలో పడింది. అవ్వ తిట్లకి ఇద్దరూ కలిసే పరిగెత్తారు.

వాళ్లమ్మ మాత్రం గుళ్లో కనబడితే ఇంకా పక్కకి తిరుగుతుంది. శ్రావణమాసం వస్తోంది, వాయనానికి నేనే ముందు వెళ్లి పిలుస్తాను.