నిడదవోలు నుంచి పిన్‌బాల్ ఎక్స్‌పోకు

పిన్‌బాల్ ఎక్స్‌పో అమెరికాలో షికాగో శివార్లలో ఏటా శరత్కాలంలో జరిగే ఆటయంత్రాల ప్రదర్శన. 1985లో మొదలైంది. ఈ తరహా ప్రదర్శనల్లో బాగా పాతది ఇదే. ఇటీవలి ఏళ్లలో షాంబర్గ్ అనే పట్టణంలోని సమావేశ కేంద్రంలో జరుగుతోంది. ఆ ప్రాంతంలోనే జరగడానికి కారణముంది. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ అనే మూడు పెద్ద పిన్‌బాల్ కంపెనీలూ షికాగోవే. ఇప్పుడు ఈ యంత్రాలు ఎక్కువగా తయారుచేస్తున్న స్టెర్న్ కర్మాగారమూ షాంబర్గ్‌కు పక్కనే ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉంది.

నిడదవోలు నుంచి ఎవరూ ఈ ప్రదర్శన కోసమే బయలుదేరరు. గోదావరి జిల్లాల్లో అమెరికా ప్రయాణమంటే కూతురి పురిటికో, కొడుకు గృహప్రవేశానికో. ఈ వ్యాసకర్త ప్రయాణమూ ఆ బాపతే. జంక్షన్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. శంషాబాద్‌లో విమానమెక్కి, దారిలో ఒకచోట మారి, షికాగో ఓహేర్ విమానాశ్రయంలో దిగాక గడియారం పదిన్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. ఇక్కడ సార్వా వరి పొట్ట మీదుండే రోజుల్లో అక్కడ మేపుల్ ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి. సాయంత్రమైతే స్వెట్టర్ లేనిదే గుమ్మం దాటలేం. షికాగో శివారు అరోరాలోని బాలాజీ గుడి చూపించేశాక పెద్దవాళ్లను ఇంకెక్కడికి తీసుకెళ్లాలో పిల్లలకు తోచదు. మాల్స్ చూసి చూసి విసుగెత్తిన వాళ్లకు షాంబర్గ్ హాలు నిజంగా కొత్త లోకమే. తెలుగువాళ్లు బాగా ఉండే నేపర్‌విల్, అరోరాల నుంచి కారులో ముప్పావుగంటో, కాస్త ఎక్కువో పడుతుంది.

హాల్లో వందల యంత్రాలు వరుసలు కట్టి ఉంటాయి. చాలావరకు సొంతదారులు తమ ఇళ్ల నుంచి మోసుకొచ్చినవే. అందుకే ఏ ఏడు ఏ యంత్రం కనిపిస్తుందో ముందే చెప్పలేం. తలుపు దగ్గర టికెట్టు కొంటే చాలు, లోపల నాణేలు వేసే పనిలేదు. మీట నొక్కడం, ఆడుకోవడం. మొదటి పది నిమిషాలు మోతకు తల దిమ్మెక్కుతుంది. గంటలు, టకటకలు, ఎలక్ట్రానిక్ కూతలు అన్నీ ఒక్కసారే. చెవులు కాస్త అలవాటు పడ్డాక ఏ వరుస ఏ కాలానిదో చప్పుడును బట్టే తెలిసిపోతుంది.

ఈ ఆటకు మూలం పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో ఆడిన బాగటెల్. వాలుగా ఉన్న బల్లమీద మేకుల మధ్య నుంచి బంతిని గుంటల్లోకి పంపడం ఆట. అమెరికాలో సిన్సినాటికి చెందిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో దీనికి బంతిని తోసే స్ప్రింగు ప్లంజర్ జోడించి పేటెంటు పొందాడు. తిమ్మరాజుపాలెం కోట సత్తెమ్మ తిరునాళ్లలో బొమ్మల కొట్లు చూసినవాళ్లకు ఇదంతా వివరించక్కర్లేదు. చెక్కపలకకు మేకులు కొట్టి, పక్కన స్ప్రింగు పుల్ల పెట్టి, గోళీతో ఆడుకోమని అమ్మే బోర్డు రెడ్‌గ్రేవ్ యంత్రానికి వారసురాలే. ఆ బోర్డుకూ షాంబర్గ్ హాల్లోని యంత్రాలకూ మధ్య ఉన్న తేడా అంతా తర్వాతి దశాబ్దాల్లో వచ్చింది.

1931లో డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ తెచ్చాడు. ధర 17.50 డాలర్లు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయినవాళ్లకు ఒక్క సెంటుతో కాలక్షేపం దొరికింది. మరుసటి ఏడాది రేమండ్ మలోనీ ‘బాలీహూ’ అమ్మాడు. బాలీ కంపెనీ పేరు దాన్నుంచే వచ్చింది. 1933లో హ్యారీ విలియమ్స్ ‘కాంటాక్ట్’ యంత్రంలో కరెంటు వాడాడు. యంత్రాన్ని ఎత్తి కుదిపేవాళ్ల ఆట కట్టించే ‘టిల్ట్’ కూడా ఆయన పుణ్యమే. ఒక లోహపు వలయం మధ్యలో తాపీమేస్త్రి తూకపుగుండు లాంటిది వేలాడుతుంది. యంత్రం మరీ ఊగితే గుండు వలయాన్ని తాకుతుంది, ఆట ఆగిపోతుంది.

1940ల దాకా ఆటగాడి చేతిలో ప్లంజరూ, యంత్రాన్ని కాస్త కుదిపే వీలూ తప్ప మరేమీ లేవు. బంతిని వదిలాక చాలావరకు అదృష్టానిదే భారం. 1947లో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’తో బంతిని కొట్టే చిన్న చేతులు, అంటే ఫ్లిప్పర్లు వచ్చాయి. దాన్ని రూపొందించినవాడు హ్యారీ మాబ్స్. పక్కకు మూడు చొప్పున మొత్తం ఆరు. మరుసటి ఏడాదే స్టీవ్ కోర్డెక్ ‘ట్రిపుల్ యాక్షన్’లో అడుగున రెండంటే రెండే పెట్టాడు. పొదుపు కోసం చేసిన ఆ పనే తర్వాతి యంత్రాలకు దారి చూపింది. ఈ ఆట చరిత్రలో ఫ్లిప్పర్ల రాకకంటే పెద్ద మలుపు లేదు. కిందికి జారిపోయే బంతిని మళ్లీ పైకి కొట్టే వీలు చిక్కడంతో జూదం కాస్తా విద్యగా మారింది.

చట్టం ఆ సంగతి ఒప్పుకోవడానికి మాత్రం మూడు దశాబ్దాలు పట్టింది. న్యూయార్క్ మేయర్ లాగార్డియా 1942లో పిన్‌బాల్‌ను నిషేధించి, పట్టుకున్న యంత్రాలను సుత్తులతో పగలగొట్టించాడు. యంత్రాలు తయారయ్యే షికాగోలోనే 1970ల దాకా వాటిని ఆడనివ్వలేదు. 1976లో రోజర్ షార్ప్ అనే రచయిత న్యూయార్క్ నగర మండలి ముందు యంత్రం ఆడి చూపించాడు. బంతి పైనున్న ఏ దారిలో పడుతుందో ముందే చెప్పి, ప్లంజర్ లాగి, సరిగ్గా అదే దారిలో వేశాడు. నిషేధం పోయింది. పేకాట క్లబ్బులున్న మన జిల్లాలవాళ్లకు నేర్పా, అదృష్టమా అనే ఈ తగువు కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని తేల్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదులుకోవాలో తెలియాలి అన్నది కోర్టు తర్కం. మన కోర్టులో తర్కంతో తేలింది, అక్కడ ఒక్క బంతితో తేలింది. అయితే రమ్మీ కథ అంతటితో ముగియలేదు. 2020లో రాష్ట్రం చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది.

ఎక్స్‌పోలో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు 1950ల, 60ల యంత్రాల వరుస. 50ల నాటివాటిలో చాలావాటికి కాళ్లూ అంచులూ చెక్కవే. వెనక నిలబెట్టిన అద్దం మీద రాయ్ పార్కర్ లాంటి చిత్రకారుల రంగుల బొమ్మలు. ప్లంజర్ లాగి వదిలితే ఒకటింబావు అంగుళం కూడా లేని ఉక్కు బంతి వంపు తిరిగి పైకెక్కుతుంది. బరువు 80 గ్రాములు. పాత ఫ్లిప్పర్లు రెండంగుళాలే. వాటి మధ్య సందు ఇప్పటి ఆటగాళ్లకు గోదారంత వెడల్పుగా కనిపిస్తుంది. బల్ల వాలు కూడా తక్కువ, బంతి నింపాదిగా దిగుతుంది. ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది కానీ, ఫ్లిప్పర్ దెబ్బలో జోరుండదు. చేత్తో యంత్రాన్ని అటో ఇటో చిన్నగా తోసి బంతి దారి మార్చడమే అక్కడ అసలు పనితనం. ఎంత తోస్తే గుండు వలయాన్ని తాకదో అరచేతికి తెలిసిరావాలి.

అడిగితే సొంతదారులు ముందు తలుపు తెరిచి లోపల చూపిస్తారు, ఇంకా అడగమన్నట్టు నిలబడతారు. వాటిలో చిప్పు ఒక్కటి కూడా ఉండదు. తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రిలేలు, మెట్టుమెట్టుకు తిరిగే చక్రాలు, గుడ్డ చుట్టిన తీగల కట్టలు. బంతి బంపర్‌ను తాకగానే కింది స్విచ్ కలుస్తుంది, కాయిల్ పైనున్న వలయాన్ని ఠక్కున కిందికి లాగుతుంది, బంతి ఎగిరి అవతల పడుతుంది. ఫ్లిప్పర్ కాయిల్‌కు రెండు చుట్లుంటాయి. ఒకటి గట్టిగా కొట్టడానికి, రెండోది పైకి లేచిన ఫ్లిప్పర్‌ను అలాగే పట్టి ఉంచడానికి. లేచాక ఒక చిన్న స్విచ్ బలమైన చుట్టును ఆపేస్తుంది. అది పాడైతే కాయిల్ మాడిపోతుంది. పాత మోటారు మెకానిక్కులకు, రైతు పంపుసెట్టు స్టార్టర్ విప్పి చూసినవాళ్లకు ఈ లోపలి సరంజామాలో అర్థంకానిది పెద్దగా ఉండదు. ఎక్కువ పాయింట్లు వస్తే ఉచితంగా మరో ఆట దొరికినట్టు పెట్టె గోడమీద సుత్తి దెబ్బలాంటి చప్పుడొకటి వినిపిస్తుంది. దానికి పక్క యంత్రాలవాళ్లూ తలతిప్పి చూస్తారు.

1970ల చివరికి రిలేల స్థానంలో ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చాయి. 1979 నాటి విలియమ్స్ ‘గోర్గార్’ మాట్లాడిన తొలి యంత్రం. దాని మాటలన్నీ కలిపితే ఏడు. 1992లో వచ్చిన ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ ఇరవై వేలకు పైగా అమ్ముడైంది. ఆధునిక యంత్రాల్లో అది రికార్డు. వీడియో గేముల పోటీకి తట్టుకోలేక 1999లో విలియమ్స్ పిన్‌బాల్ మానేసింది. స్టెర్న్ కొన్నేళ్లపాటు దాదాపు ఒంటరిగా నెట్టుకొచ్చింది. కొత్త యంత్రాల్లో తెరలు, పాటలు, సినిమా కథలు దండిగా ఉన్నాయి. చూడముచ్చటగానే ఉంటాయి కానీ, వాటి నిబంధనలు తెలుసుకునేలోపు బంతి చేజారిపోతుంది.

ఒకవైపు విడిభాగాల కొట్లు. రబ్బరు వలయాలు, బల్బులు, కాయిళ్లు, కాళ్లు విడివిడిగా అమ్ముతారు. అరవై డెబ్బై ఏళ్ల యంత్రాలు ఇప్పటికీ ఆడుతున్నాయంటే ఈ కొట్ల చలవే. ఇంకోవైపు రూపకర్తల ఉపన్యాసాలు, పోటీలు జరుగుతుంటాయి.

అక్టోబరులో పిల్లల దగ్గర ఉండేవాళ్లు టికెట్టు, తేదీలు ముందే చూసి పెట్టమనాలి. శనివారం మధ్యాహ్నానికి పాత యంత్రాల దగ్గర కూడా వరుస కట్టాల్సి వస్తుంది కనుక పొద్దున్నే వెళ్లడం మంచిది. ఆట బల్లను కప్పే అద్దం మీద కాఫీ కప్పు పెట్టకూడదు. ఆట ముగిశాక వెనకవాళ్లకు చోటివ్వాలి. ముందు చెక్క అంచుల యంత్రాల దగ్గరకే వెళ్లండి. కొత్తవి షికాగో చుట్టుపక్కల ఆటల హాళ్లలో ఏడాది పొడవునా దొరుకుతాయి.