చల్లగా ఉంటే ఎండ లేనట్టేనా?



సంక్రాంతి టోర్నమెంట్లు దగ్గర పడ్డాయి కాబట్టి ఈ మాట ఇప్పుడే రాస్తున్నాం. పాడేరు, అరకు వైపు మనం పొద్దున్నే మంచులో స్వెట్టర్లు వేసుకుని గ్రౌండ్‌కి వెళ్తాం, చీకటి పడేదాకా ఆడతాం. చలిగాలికి ఎండ పెద్దగా తెలీదు. కానీ కళ్లని పాడుచేసేది వేడి కాదు, ఎండతో పాటు కనిపించకుండా వచ్చే అతినీలలోహిత కిరణాలు. 1000 మీటర్ల ఎత్తుకి వెళ్తే అవి సుమారు 10 శాతం పెరుగుతాయి. మనముండేది దాదాపు 900 మీటర్ల ఎత్తులో. పల్చటి మబ్బు పట్టినా అవి ఆగవు.

మన అవ్వల కళ్లు ఒకసారి గమనించండి. ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి ఎర్రటి కండ పాకి ఉంటుంది కొందరికి. ముసలితనం అనుకుని వదిలేస్తాం. డాక్టర్లు దాన్ని టెరిజియం అంటారు. ఏళ్ల తరబడి ఎండా, దుమ్మూ, గాలీ తగిలినవాళ్లకి ఎక్కువగా వస్తుంది. మా వాలీబాల్ జట్టులో ఒక అన్నయ్యకి 24 ఏళ్లకే వచ్చింది. పశువుల కాపలా, పోడు పని, ఆపైన ఆట, చిన్నప్పటి నుంచీ ఎండలోనే కదా. ఆయన కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. దానికి రెండు కళ్లకీ దూరపు చూపు 6/6 ఉండాలి. కండ పెరిగేకొద్దీ నల్లగుడ్డుని లాగి చూపు మసకబారుస్తుంది. పరుగులో అందరికన్నా ముందుండే మనిషి ఇప్పుడు కంటి పరీక్ష అంటే భయపడుతున్నాడు. ఆపరేషన్ చేసి తీస్తారు, కానీ కొందరికి మళ్లీ పెరుగుతుంది. చుక్కల మందు ఎరుపు తగ్గిస్తుందే గానీ కండని కరిగించదు. ఆకు పసర్లు మాత్రం కంట్లో పోయకండి. మన నాటువైద్యం మీద మాకు గౌరవం ఉంది గానీ, కంటి దగ్గర ఒప్పుకోం.

ముందు అంచున్న టోపీ పెట్టుకోండి, అదే చవక. కళ్లజోడు కొంటే యూవీ 400 అని ఉన్నది చూడండి. సంతలో దొరికే నల్లద్దాలకి ఆ రక్షణ లేకపోతే ఇంకా చేటు, చీకటికి కనుపాప పెద్దదై కిరణాలు ఎక్కువ లోపలికి పోతాయి. బంతి ఆటలకి గాజువి వద్దు, పగలని ప్లాస్టిక్‌వి తాడు కట్టి పెట్టుకోవాలి. "ఏట్రా, హీరో అయిపోయావు" అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. కబడ్డీకి జోడు కుదరదు, అక్కడ వేళ మార్చుకోవాల్సిందే. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ గట్టిదని గుర్తు.

మా పంచాయతీలో ఈసారి 10 నుంచి 3 దాకా మ్యాచ్‌లు పెట్టట్లేదు. ఎదురెండ పడకుండా వాలీబాల్ కోర్టు కూడా ఉత్తర దక్షిణాలుగా గీశాం. రెండు రోజుల్లో అయిపోయే ఆటలు మూడు రోజులవుతాయి, భోజనాల ఖర్చు ఎవరు పెట్టుకుంటారని పెద్దలు అడిగారు. అందుకే ఇంటికి రెండు కేజీల చొప్పున బియ్యం పోగుచేస్తున్నాం. ఇప్పటికి సగం ఇళ్లు తిరిగాం.