ఏ నీటికి ఆ పడవ

ఏటి ఒడ్డున వరసగా పడవలు. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అదే పొడవు, అదే వంపు, అదే రంగు. కానీ మొదటిసారి సొంత పడవ కట్టించుకోవాలనుకునే కుర్రాడికి ఆ వరసలో తనకు సరిపోయేది తేల్చుకోవడమంటే పెళ్ళిసంబంధం చూసుకున్నంత పని. ఎందుకంటే ఇంటిల్లిపాది కూడబెట్టిందీ, అప్పు తెచ్చిందీ అందులోనే పెట్టాలి. రేపు ప్రాణం పెట్టేదీ అందులోనే!

కృష్ణా జిల్లాలో అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా సముద్రం వైపు వెళ్తుంటే పచ్చటి వరిచేలు కాస్త కాస్తగా పలచబడతాయి. రొయ్యల చెరువులు ఎదురవుతాయి. ఆ తర్వాత చవిటినేలలు, మడచెట్లు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి. జనం పాపాలు మోసి నల్లబడ్డ గంగమ్మ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి ఇక్కడ మునగ్గానే హంసగా మారిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి సాగరసంగమ స్నానాలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుడి దాటి ఇంకా ముందుకెళ్తే పాలకాయతిప్ప. అక్కడితో నేల అయిపోతుంది.

పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణమ్మ మధ్యలో వదిలిన నేలే దివిసీమ. అందుకే ఇక్కడ నీళ్ళు ఒక రకం కావు. నడుములోతు ఉండే పాయలు, పోటుకు నిండి ఆటుకు బురద తేలే కాలవలు, ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుకమేటల మీద విరిగే అలలు, ఆ అలలు దాటాక లోతైన సముద్రం... అన్నీ పక్కపక్కనే.

ఏ నీళ్ళలోకి?

‘‘బాబాయ్, ఏ బోటు కట్టించుకోమంటావ్?’’ అని అడిగితే ఇక్కడి పెద్దల నోట వచ్చేది జవాబు కాదు, ఎదురు ప్రశ్న. ‘‘ఏ నీళ్ళలోకిరా అబ్బాయ్?’’

అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పాయల్లో పీతలకూ రొయ్యలకూ తిరిగే పడవ వేరు. తెల్లవారుజామున మొగ దాటి సముద్రంలోకి పోయి వల వేసుకొచ్చే పడవ వేరు. మొదటిసారి కట్టించుకునేవాళ్ళు చేసే పొరపాటు... రెండూ ఒకదాంతోనే చేసేద్దామనుకోవడం. చివరికి అది పాయలో నేలకు తగులుతుంది, సముద్రంలో అలకు ఊగుతుంది.

ఈ తెలివి కొత్తదేం కాదు. రేవు లేని కోరమాండల్ తీరంలో ఒకప్పుడు ఓడల నుంచి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చింది ‘మసూలా’ పడవలే. వాటి బల్లల్ని మేకులతో బిగించేవారు కాదు, కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అల వచ్చి కొడితే పడవ విరగకుండా వంగేది. అదే పడవ నడిసముద్రంలో ప్రయాణానికి పనికిరాదు. ఒడ్డున విరిగే అలల కోసం పుట్టిన పడవ అది, అంతే!

చెక్కా? ఫైబరా?

వెనకటి నావలన్నీ చెక్కవే. ఇంటిముందు నీడపట్టున వడ్రంగి కూర్చుని బల్లలు పేర్చి, సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనె పట్టించి నెలల తరబడి కట్టేవాడు. బరువుగా నీళ్ళలో నిలకడగా ఉంటుంది. ఒక బల్ల పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. దానికి శత్రువు ఉప్పునీళ్ళలో చెక్కను తొలిచే పురుగు. పురుగంటారు కానీ అది నిజానికి ఆల్చిప్పల జాతి జీవి. మంచినీళ్ళలో బతకదు. నదికి వరద వచ్చినన్నాళ్ళూ పర్లేదు. వరద లేని నెలల్లో సముద్రపు నీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. అప్పుడు పడవను ఒడ్డుకు లాగి ఆరబెట్టక తప్పదు. పైగా మంచి కలప ధర ఏటికేడాదీ పెరిగేదే.

ఫైబర్ పడవకు పురుగు పట్టదు. తేలిగ్గా ఉంటుంది, నలుగురు కలిసి ఒడ్డుకు లాగేయొచ్చు. అచ్చులో గాజునార పరిచి, రెజిన్ పూసి, ఆరాక మళ్ళీ నార పరిచి... ఇలా పొరలు పొరలుగా పోస్తారు. చిక్కల్లా అక్కడే. రంగు పడ్డాక లోపల ఎన్ని పొరలున్నాయో కనిపించదు. రెండు పడవలు పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. ఒకటి పదేళ్ళు నిలుస్తుంది, మరొకటి మూడో ఏడు అడుగున పగులిస్తుంది. అందుకే డబ్బు కట్టి ఇంటికి పోకుండా, పొర పోసే రోజున అచ్చు దగ్గర నిలబడాలి. అడుగు భాగానికీ, ఇంజిన్ కూర్చునే చోటుకూ అదనంగా పొరలు పడ్డాయో లేదో కళ్ళారా చూసుకోవాలి. రంగు వేయకముందు వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే పలచగా ఉన్న చోటు ఇట్టే తెలిసిపోతుంది.

కవలల్లో తేడాలు

పొరలు సరే, ఆకారం మాట? అడుగు చదునుగా ఉంటే పడవ తక్కువ నీళ్ళలోనూ పోతుంది, ఇసుక మీదికి సులువుగా ఎక్కుతుంది. కానీ ఎదురు అలకు దభీదభీమని కొట్టుకుంటుంది. అడుగు కోసుగా ఉంటే అలను చీల్చుకుపోతుంది. కానీ మొగ దగ్గర ఇసుకమేటకు అదే ముందు తగులుతుంది.

చాలామంది పొడవు చూసి మురిసిపోతారు. వెడల్పు సంగతి పట్టించుకోరు. పక్కకు ఒరగకుండా నిలబెట్టేది వెడల్పే. పడవ వెడల్పు పది శాతం పెరిగితే ఆ నిలకడ సుమారు మూడోవంతు పెరుగుతుంది. తడిసిన వలను నలుగురూ ఒకే పక్క నుంచి లాగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఖాళీ అరల్లో ఫోమ్ నింపారా అన్నది ఇంకో పరీక్ష. నింపితే నీళ్ళు ఎక్కినా పడవ మునిగిపోదు, పట్టుకుని తేలొచ్చు.

ఇక ఇంజిన్. లోపల బిగించే డీజిల్ ఇంజిన్‌కు ఇంధనం ఖర్చు తక్కువ. కానీ దాని ఫ్యాను అడుగున ఉండిపోతుంది, మేటకు తగిలితే ఇరుసు వంగుతుంది. ఈ బెడదకు విరుగుడు వెదికినవాళ్ళున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన ‘బంగాళాఖాత కార్యక్రమం’ నిపుణులు తీరానికి నేరుగా ఎక్కే పడవలకు నమూనాలు గీశారు. ఒడ్డు దగ్గరపడగానే ఫ్యానును పైకి లేపుకునే ఏర్పాటు కూడా చేశారు. నమూనా ఎవరిదైనా అడగాల్సింది మాత్రం ఒకటే. అది చెడితే బాగుచేసే మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు?

ముందు కళాసీగా...

1977 నవంబరు 19. ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చేసిన రోజు. వేల ప్రాణాలు పోయాయి. తీరపల్లెల్లో మిగిలినవాళ్ళకు పడవా లేదు, వలా లేదు. మళ్ళీ మొదటి పడవతోనే బతుకు మొదలుపెట్టారు. అందుకేనేమో, ఇక్కడ కొత్తగా కొనేవాడికి పెద్దలు తొందర పెట్టరు. ముందు రెండు రకాల పడవల్లోనూ కళాసీగా వెళ్ళమంటారు. గాలి లేని రోజు కాదు, గాలి తిరిగిన రోజు వెళ్ళాలి. ఖాళీగా కాదు, చేపలతో వల బరువెక్కాక తిరిగిరావాలి. అప్పుడు రంగులూ మెరుపులూ కళ్ళముందు నుంచి పోతాయి. పడవ మాత్రమే మిగులుతుంది.

కాగితాలూ ముఖ్యమే. రిజిస్ట్రేషన్ లేని పడవను నమ్ముకుంటే ప్రభుత్వ సాయం కష్టం. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో రూ.20 వేలు చేసింది.

వేట ఆగిన ఆ రెండు నెలలే తీరంలో పడవలకు పండగ. పాతవాటికి పగుళ్ళు పూడుస్తారు. కొత్తవాటికి రంగులేస్తారు. చివరగా ముక్కు దగ్గర నంబరు, ఆ పక్కన పేరు రాయిస్తారు. అమ్మ పేరో, అమ్మవారి పేరో, ఇంట్లో పుట్టిన పాప పేరో. నిషేధం తీరిన తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి పడవను నీళ్ళలోకి తోస్తారు. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళకు అది చదును అడుగుదా, కోసుదా అన్న పట్టింపు లేదు. మొగ దాటి కనుమరుగయ్యేదాకా చూస్తారు. మధ్యాహ్నానికి మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడతారు.