కిశోరానికి కళ్లెము

కిశోరము అనగానే మనకు మీసకట్టు రాని పిల్లవాడు గుర్తుకు వచ్చును. అమరకోశములో చూచినచో ఆ మాట గుర్రప్పిల్లది. మనుష్యులకు తరువాత అంటుకొన్నది. కళ్లెమునకు ఆ కోశమే ‘కవిక’ అనియు ‘ఖలీనము’ అనియు రెండు పేర్లు చెప్పినది. ఈ ఖలీనము గ్రీకుల ‘ఖాలినోస్’ నుండి వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. ముప్పై ఏండ్లు పిల్లలకు పర్యాయపదములు వల్లె వేయించిన నాకు, ఈ మాటల వెనుక ఒక నోరు ఉన్నదని ఇటీవల మరల తెలిసివచ్చినది.

పులివెందులలో మా చెల్లెలి మనుమడు పెండ్లి ఊరేగింపుల కోసమని మూడేండ్ల గుర్రమును కొన్నాడు. అమ్మినవారు దానితో పాటు ఒక కళ్లెము కూడ ఇచ్చిరి. నోటిలో ఉండు కడ్డీకి చిన్న చిన్న ముండ్లున్న కళ్లెము అది. పది దినములు గడవకముందే వాడు ఫోను చేసినాడు.

“తాతా, పగ్గం పట్టుకుంటే సాలు, తల ఎగరేస్తాంది. ఇంగా గట్టి కళ్లెం ప్రొద్దుటూరులో ఏడన్నా దొరుకుతాదేమో సూడు.”

వ్యాకరణము చెప్పుకొన్న నన్ను వాడు ఈ మాట అడుగుటకు కారణమున్నది. నా చిన్నతనమున మా మేనమామ ప్రొద్దుటూరులో జట్కా తోలెడివాడు. వేసవిలో కళ్లెమును నీళ్ల తొట్టిలో ముంచి చల్లార్చిన పిమ్మట గాని గుర్రము నోటికి అందించెడివాడు కాడు. మా కడప జిల్లా ఎండలో ఇనుము ఎంత కాలునో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయనతో జట్కా తోలిన పెద్దాయన ఒకరు జమ్మలమడుగులో ఉన్నారు. ఎనుబది దాటినవి. ఆయనను వెంటబెట్టుకొని ముద్దనూరు మీదుగా పులివెందులకు పోతిని. ఆయన కళ్లెము వైపు చూడనే లేదు. గుర్రము మెడ నిమిరి, పెదవి తొలగించి, సెలవిలో వ్రేలు పెట్టి చిగురు తడిమినారు. క్రింది చిగురు మీద రెండు ప్రక్కల పుండ్లు. ఒక పాలపన్ను ఊగుచున్నది.

“అయివారూ, ఇది మొండితనం గాదు, నొప్పి. పండ్లు మారే వయసు. ఇనుము తగిలినప్పుడల్లా పాణం పోతాంటాది. ముండ్లెందుకు దీనికి?”

గుర్రమునకు రమారమి రెండున్నర ఏండ్ల నుండి నాలుగున్నర, ఐదేండ్ల వరకు పాలపండ్లు రాలి కొత్త పండ్లు వచ్చుచుండును. కొన్నింటికి పై దవడలో, దవడ పండ్లకు ముందు, మరొక చిన్న పన్ను మొలచును. కళ్లెము దానికి తగిలిన బాధ. పశువైద్యుడు చూచి, అవసరమైనచో తీసివేయును. కనుక పిల్లగుర్రమునకు కళ్లెము ఎంచవలెననిన మొదట నోరు చూడవలెను, అంగడి తరువాత.

మా సీమ రైతుబిడ్డలకు కోడెను లొంగదీయుట తెలియును. కోడెకు ముక్కు కుట్టి ముకుతాడు వేయుదురు. అక్కడ గాయము చేయక తాడు నిలువదు. గుర్రము సంగతి వేరు. దాని ముందు పండ్లకు, దవడ పండ్లకు నడుమ పండ్లు లేని ఖాళీ చిగురు ప్రకృతియే ఉంచినది. కళ్లెము కూర్చుండు చోటు అది. ముకుతాటికి గాయము కావలెను, కళ్లెమునకు గాయము అక్కరలేదు. ముండ్ల కళ్లెము వేయువాడు గుర్రమును కోడె యనుకొనుచున్నాడన్న మాట. ఆ చిగురు క్రింద పలుచని చర్మము, దాని క్రింద ఎముక, అంతే. మాటిమాటికి నలిగినచో అక్కడ స్పర్శ మొద్దువారును. అప్పుడు యజమాని ఇంకను గట్టి కళ్లెము వెదకును. దానికి అంతము లేదు.

పెద్దాయన కొలత తీసిన తీరు చెప్పెదను. దారము నోటిలో అడ్డముగా పెట్టి, రెండు సెలవుల వద్ద ముడులు వేసినారు. కడ్డీ ఆ కొలతకన్న ఇరుప్రక్కల పావు అంగుళము మాత్రము ఎక్కువ ఉండవలెను. బిగుతైనచో పెదవి నలుగును, వదులైనచో అటునిటు జారి చిగురును రాచును. కడ్డీ నున్నగా ఉండవలెను. సన్ననిది తీగవలె కోయును. మరీ లావుదైనచో చిన్న నోట పట్టదు, నాలుకను అదుమును. తగిలించిన పిమ్మట సెలవి వద్ద ఒకటి రెండు ముడుతలు పడిన చాలును. ప్రక్కల పొడుగు కాడలు, గడ్డము క్రింద గొలుసు ఉన్న కళ్లెము చేతి లాగుడును ఎన్నో రెట్లు చేయును గనుక అది పిల్లగుర్రమునకు తగదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనోఫాన్ కూడ, ముండ్ల కళ్లెములు వాడుకలోనున్న ఆ కాలముననే, కళ్లెము కడ్డీవలె బిగుసుకొని యుండక గొలుసువలె వంగుచుండవలెనని వ్రాసినాడు.

మన దేశమున 1965 నాటి బండి లాగు, బరువు మోయు జంతువుల హింసా నివారణ నియమములు ముండ్ల కళ్లెమును నిషేధించినవి. ఆ మాట చెప్పగా మావాడు, “పెండ్లిండ్లలో అందరూ అదే వాడతాండారు గదా తాతా” అన్నాడు. వాని చిక్కు అది కాదు. రెండు పెండ్లిండ్లకు బయానా పుచ్చుకొని యున్నాడు, గుర్రము కొన్న అప్పు మీద వడ్డీ పెరుగుచున్నది. పుండ్లు మానువరకు నోట ఇనుము పెట్టరాదని పెద్దాయన తేల్చి చెప్పినారు. వాడు చాలసేపు మాటాడలేదు. సాయంత్రము రెండు బయానాలును తిరిగి పంపినాడు. నెల దాటిన తరువాత, పశువైద్యుడు నోరు చూచిన పిమ్మట, నడుమ కీలున్న నున్నని కళ్లెము వేసినాడు. ఇప్పుడు తల ఎగురవేయుట తగ్గినది. బాజాల చప్పుడుకు ఇంకను బెదరుచున్నది. దానికి కళ్లెము మందు కాదు, అలవాటు చేయవలసినదే.

కఠోపనిషత్తు ఇంద్రియములను గుర్రములన్నది, మనస్సును పగ్గమన్నది, బుద్ధిని సారథి యన్నది. కళ్లెము ఊసు లేదు. ఏ కళ్లెమైనను పగ్గము పట్టిన చేతిని బట్టియే మెత్తనగునో కఠినమగునో అని నేను అర్థము చెప్పుకొంటిని. తిక్కనగారి విరాటపర్వములో దామగ్రంథియై గుర్రములను కాచిన నకులునికి ఈ సంగతి తెలిసియే యుండును. బడిలో నేను చూచినంతవరకు, కిశోరుల విషయములోను ఇంతే. ఎగిరిపడు పిల్లవానికి ఏమి నొప్పియో కనుగొన్న ఉపాధ్యాయునికి బెత్తము పని పడలేదు.

మిత్రులకు ఒక మనవి. కళ్లెము కడ్డీకి, ప్రక్క వలయములకు, గొలుసుకు మీ ప్రాంతములలో వేరు వేరు పేర్లున్నచో తెలుపగలరు. జట్కాలతో పాటు ఆ మాటలు కూడ పోకముందే వ్రాసి ఉంచుకొందము.